జోసయా పెల్ చనిపోలేదు

మార్చి 5, సోమవారం

ఈ డైరీ మా ఆవిడ సుచిత్ర ఆఫీసులో కొత్త సంవత్సరానికిచ్చినది. రెండు నెలలుగా ఫ్రిజ్ మీద ఖాళీగా పడుంది. ఇంట్లో నోరు తెరిస్తే వాదన, ఆఫీసులో నోరు తెరిస్తే ఇంకో పని నెత్తిన పడటం. అందుకని ఇకనుంచి చెప్పుకోవలసినవి దీంట్లో చెప్పుకుంటాను. రైల్లో కూర్చోడానికి చోటు దొరికిన రోజున రాస్తాను. సింగపూర్లో బుకిట్ పంజాంగ్ నుంచి చాంగీ బిజినెస్ పార్క్‌కి అంటే దేశం ఈ చివర్నుంచి ఆ చివరికి. నిలబడి నిద్రపోవడం కూడా వచ్చేసింది.

నిన్న సుచిత్ర అడిగింది. వాళ్ళ కంపెనీ ఓడరేవుల సాఫ్ట్‌వేర్ నెదర్లాండ్స్‌లో రాటర్‌డ్యామ్ రేవులో పెడుతోందట. పద్దెనిమిది నెలలు అక్కడుండి నడిపించాలట. టీమ్ మొత్తానికి తనే లీడ్. మా అమ్మాయి సరయూ నేనూ ఇక్కడే ఉండాలి. "నెలాఖరులోగా చెప్పమన్నారండీ. మీరేమంటారు?" అంది.

చూద్దాం అన్నాను. చూద్దాం అంటే వద్దనడం కాదు. ఇది రాసి పెట్టుకుంటున్నాను, రేపు నా మీదికి రాకుండా.

మార్చి 6

కొత్త ప్రాజెక్టు. అమెరికాలో క్వేకర్లని ఒక శాఖ క్రైస్తవులున్నారు. రెండు వందల ఏళ్ళనాడు అడవులు కొట్టుకుంటూ పడమరకి పోయారు. పోయిన ప్రతిచోటా మీటింగు (వాళ్ళ సంఘానికీ అదే పేరు) పెట్టుకున్నారు, ప్రతి మీటింగుకీ మినిట్స్ రాసుకున్నారు. మా ఆఫీసు జనం కంటే ఘోరం. ఆ పాత కాగితాల ఫొటోలు చూసి మావాళ్ళు టైపు చేస్తారు. ఎవరు ఎవరి కొడుకు, ఎవరు ఎవరి పెళ్ళాం, ఎవరెప్పుడు పోయారు అన్నది తేల్చి వంశవృక్షానికి తగిలించడం నా పని. పదిహేనేళ్ళు బ్యాంకులకి ప్రోగ్రాములు రాసినవాణ్ణి, ఇప్పుడు ఎవరి తాతలనో వెతుకుతున్నాను. మా ముత్తాత పేరు నాకే తెలీదు.

ఆఫీసు నిండా ప్రాజెక్టులే కదా, ఇంకోదాంట్లో వెయ్యమని మేనేజర్ వికాస్‌ని అడిగాను. "రాజు గారూ, మీకు పేషెన్స్ ఎక్కువ. అందుకే మీకిచ్చాం" అన్నాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. పేషెన్స్ కాదు నాయనా, నీరసం.

వీళ్ళు నెలల పేర్లు కూడా పలకరు. జనవరి, మార్చి అన్నీ ఎవరో పాత దేవుళ్ళ పేర్లట. మొదటి నెల, రెండో నెల అని లెక్కబెట్టుకుంటారు.

మార్చి 8

హానా పెల్ అనే ఆవిడ దొరికింది. ఒహాయోలో ఒక మీటింగు మనిషి. మినిస్టరు. అంటే మంత్రి కాదు, దేవుడి మాట చెప్పే మనిషి. ఆడమనిషి మినిస్టరేమిటని రెండుసార్లు చూశాను, మినిస్టరే. 1819లో ఆవిడకి లోపల్నుంచి పిలుపొచ్చిందట, పడమటి అడవుల్లో కొత్తగా పుట్టిన మీటింగులన్నీ తిరిగి రావాలని. ఆ సంగతి మీటింగులో చెప్పింది. అందరూ కూర్చుని ఆలోచించి, సరే వెళ్ళిరమ్మని చీటీ రాసిచ్చారు. ఇంకో ఆడమనిషిని తోడు తీసుకుని గుర్రమెక్కి వెళ్ళిపోయింది. రెండేళ్ళకి తిరిగొచ్చి చీటీ అప్పజెప్పింది. ఐదుగురు పిల్లలు. చిన్నదానికి మూడేళ్ళు.

ఐదుగురినీ ఎవరు చూశారు? అది మాత్రం ఎవరూ రాయలేదు.

ఈ వంశాన్ని వెతికిస్తున్నది అయోవాలో ఉండే మిసెస్ ఎల్డ్రిజ్ అనే పెద్దావిడ. హానా ఈవిడ ముత్తవ్వకి తల్లో, నాయనమ్మో అవుతుంది. రోజూ ఒక మెయిలు.

హానా కథ సుచిత్రకి చెబుదామనుకున్నాను. చెబితే మాట ఎటు తిరుగుతుందో తెలుసు. చెప్పలేదు.

మార్చి 9

"ఆలోచించారా?" అంది సుచిత్ర. ఆలోచిస్తున్నా అన్నాను.

మార్చి 12

హానా మొగుడి సంగతి తేలింది. పేరు జోసయా. పెళ్ళి దగ్గర ఉన్నాడు, పిల్లలు పుట్టినప్పుడల్లా ఉన్నాడు. 1819 తర్వాత ఎక్కడా లేడు. ఆ రెండేళ్ళ మినిట్స్ పేజీ పేజీ తిరగేశాను. తాగి పడిపోయినవాడున్నాడు, గట్టు కోసం పొరుగువాడితో తగువు పడ్డవాడున్నాడు, పెళ్ళిలో ఫిడేలు వాయించి చీవాట్లు తిన్నవాడున్నాడు. జోసయా లేడు.

పోయాడన్నమాట. లేకపోతే ఏ మొగుడు ఊరుకుంటాడు? మొగుడు పోయాడు కాబట్టే దేవుడి పనిలో పడింది. పిల్లలు చుట్టాల దగ్గర ఉండుంటారు. అన్నీ సరిగ్గా కుదిరాయి. తిరిగొచ్చాక ఇంకో ఆడపిల్ల పుట్టింది, తండ్రి పేరు దగ్గర సిరా చెరిగిపోయింది, అంటే మళ్ళీ పెళ్ళి చేసుకుంది. జోసయా, మరణం 1819 ప్రాంతం. రెండో భర్త, పేరు తెలియదు. అలా ఎక్కించి పంపేశాను. వికాస్ చూసి "లాజికల్‌గా ఉంది రాజు గారూ" అన్నాడు.

చాలా రోజులకి ఒక పని పూర్తి చేసినట్టనిపించింది.

మార్చి 14

సుచిత్రకి ఆలస్యం. నేనే కుమారమ్మ ఆంటీ ఇంటి నుంచి సరయుని తెచ్చుకున్నాను. ఆంటీది మా కింది అంతస్తు. వాళ్ళ తాత ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఇక్కడికి కూలికొచ్చాడు. ఆవిడ ఇక్కడే పుట్టి ఇక్కడే అవ్వ అయింది. బడి అయ్యాక సరయు రెండేళ్ళుగా ఆవిడ దగ్గరే ఉంటోంది.

"రాజూ, మకాన్ అయిందా? కూసో, సాంబారుంది" అంది. మకాన్ అంటే ఇక్కడి మలయ్‌లో తిండి. కూర్చుని తిన్నాను.

"సుచిత్ర దూరదేశం పోతాదంట గదా?"

"ఇంకా ఏం అనుకోలేదాంటీ. పిల్ల ఉంది కదా. పిల్లనెవరు చూస్తారు?"

"ఆలమాక్, అయ్యయ్యో! మరి నేనెవరు? ఇప్పుడెవరు చూస్తా ఉండారు?"

అదీ నిజమే. కానీ జ్వరమొస్తే? పరీక్షలొస్తే? తొమ్మిదేళ్ళ ఆడపిల్లకి అమ్మ లేకపోతే ఎలా? నేను నా గురించి ఆలోచించడం లేదు. అదే ఆవిడకి చెప్పాను. "నేనంటున్నది పిల్ల గురించేనాంటీ, నా గురించి కాదు."

ఆంటీ నా పళ్ళెంలో ఇంకో గరిటె సాంబారు వేసి "పావం" అంది. ఎవరి మీద జాలిపడిందో తెలియలేదు.

మార్చి 16

మీటింగంటే ఏమిటో మాకు తెలీకుండానే రాస్తున్నామని మిసెస్ ఎల్డ్రిజ్‌కి అనుమానం. సింగపూర్‌లో కూడా నలుగురైదుగురు క్వేకర్లు ఉన్నారట, ఆదివారాలు ఒకరింట్లో కలుస్తారట. "ఒకసారి వెళ్ళి చూసి రండి" అని వికాస్ నా ఆదివారాన్ని దానం చేసేశాడు.

మార్చి 18, ఆదివారం

సెంగ్‌కాంగ్‌లో మిస్ చియా అనే రిటైరైన టీచరమ్మ ఫ్లాటు. చెప్పులు విప్పి లోపలికెళ్ళాను. కుర్చీలు గుండ్రంగా వేసుకుని కొద్దిమంది కూర్చున్నారు. ఎవరూ పలకరించలేదు, ఒక కుర్చీ చూపించారు. పాస్టరు గారు ఇంకా రాలేదన్నమాట అనుకున్నాను. మన సభల్లో ముఖ్య అతిథి కోసం కూర్చున్నట్టే కూర్చున్నాను.

ఎంతసేపటికీ రాలేదు. ఫ్యాను తిరుగుతోంది. పక్కింట్లో ఎవరో చేపలు వేయిస్తున్నారు. ఒకాయన కళ్ళు మూసుకున్నాడు, రాత్రి షిఫ్టు కాబోలు. ఇంతమందిని కూర్చోబెట్టి రాని పెద్దమనిషిని లోపల్లోపల తిట్టుకున్నాను. కాసేపటికి తిట్టుకునే ఓపిక కూడా పోయింది. ఊరికే కూర్చున్నాను. ఎవరూ నన్నేమీ అడగలేదు. మీరేమంటారు అని ఎవరూ అనలేదు. చివరికి మిస్ చియా పక్కాయనకి షేక్‌హ్యాండిచ్చింది. అందరూ ఒకరికొకరు ఇచ్చుకున్నారు. అయిపోయిందట!

"పాస్టరు గారు రాలేదేం?" అని అడిగాను.

మిస్ చియా నవ్వింది. "అందరూ పాస్టర్లే లా" అంది, ఈ ఊరివాళ్ళ 'లా' చివర తగిలించి, కుర్చీలన్నీ చూపించి. "లోపల మాట పుట్టినవాళ్ళు లేచి చెబుతారు. ఈరోజు ఎవరికీ పుట్టలేదు."

టీ ఇచ్చి ఇంకా చెప్పింది. ఏదైనా నిర్ణయించాలన్నా ఇంతేనట. వోట్లు లేవు. అనుకున్నది కాగితం మీద రాసి పైకి చదువుతారు. చదివి ఊరుకుంటారు. ఎవరికైనా కాదనిపిస్తే అప్పుడే నోరు తెరిచి చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే అది అందరి మాట. తర్వాత బయటికొచ్చి సణగకూడదు.

ఆ కుర్చీలో నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎందుకో తెలీదు. నిద్ర చాలక అయుంటుంది.

మార్చి 19

భోజనాల దగ్గర చెప్పాను. పాస్టరు కోసం ఎదురుచూశానంటే సుచిత్ర నవ్వీ నవ్వీ పొలమారింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. "అయ్యో నాన్నా, సో ఎంబరాసింగ్ లా" అంది సరయు.

వాళ్ళు నిర్ణయాలు చేసే పద్ధతి కూడా చెప్పాను.

"అంటే ఇష్టం లేనివాళ్ళు పైకి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఒప్పుకున్నట్టేనా?" అంది సుచిత్ర.

"అంతేనట."

"బాగుందండీ పద్ధతి." కంచాలెత్తుకుంటూ మళ్ళీ అడిగింది. "తర్వాత సణగడానికి లేదు కదా?"

"లేదట" అన్నాను. నా పని మీద ఇంత శ్రద్ధ ఎప్పుడూ చూపించలేదు. మంచిదే.

మార్చి 21

"ఏమంటారు?" అంది పొద్దున్నే, చెప్పులేసుకుంటుంటే. రైలుకి టైమవుతోంది, ఇప్పుడా అన్నాను. మరి ఎప్పుడు అంది. లిఫ్టు వచ్చింది.

మార్చి 23, శుక్రవారం

ఒళ్ళంతా నొప్పులు. భోజనాల దగ్గర సుచిత్ర ఆ ఆఫరు కాగితం తెచ్చి మొదట్నుంచి చివరిదాకా పైకి చదివింది, తెలుగులో విడమరిచి మరీ. ఎప్పుడు వెళ్ళాలి, మధ్యలో ఎన్నిసార్లు రావచ్చు, సెలవులకి సరయు అక్కడికెళ్ళడం, కింద తను చేత్తో రాసుకొచ్చిన సంగతి, అవసరమైతే కుమారమ్మ ఆంటీ రాత్రిళ్ళు కూడా పిల్లని ఉంచుకుంటానన్నది, అన్నీ. చదివి కాగితం మడిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంది. మా ఇద్దరి వంకా చూసింది. సరయు కూడా కదలకుండా కూర్చుంది. ఆ పిల్ల అంతసేపు కుదురుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

నేను చారు పోసుకున్నాను. చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. గొడవ లేకుండా ఒక పూట గడిచింది, అదే పదివేలు. చివర్లో సుచిత్ర లేచి సరయుకి షేక్‌హ్యాండిచ్చింది. తల్లీకూతుళ్ళకి ఏవో ఆటలు. నాక్కూడా చెయ్యి చాపింది. నా చెయ్యి ఎంగిలి, కడుక్కొచ్చి ఇచ్చాను.

మార్చి 26

సుచిత్ర అడగడం మానేసింది. మనసు మార్చుకున్నట్టుంది. నేను వద్దనలేదు, ఎక్కడా అనలేదు. ఆవిడే ఆలోచించుకుంది.

ముఖంలో బాధేమీ కనపడటం లేదు. అదే కొంచెం ఆశ్చర్యం.

మార్చి 28

మిసెస్ ఎల్డ్రిజ్ మెయిలు. ప్రింటు తీసుకుని రైల్లో చదువుతూ దిగాల్సిన స్టేషను దాటిపోయాను.

"మిస్టర్ రాజు, మీరు మా జోసయాని చంపేశారు" అని మొదలుపెట్టింది. ఆయన 1850లో పండు ముసలివాడై మంచం మీద పోయాడట. ఇండియానాలో ఇంకో మీటింగు దగ్గర పాతిపెట్టారు, పక్కనే హానా. రెండో మొగుడెవడూ లేడు. తిరిగొచ్చాక పుట్టిన పిల్ల జోసయా పిల్లే, మేమంతా ఆ పిల్ల సంతానం. మీరు మా అందరికీ తాతని లేకుండా చేశారు. అసలు ఆయన పోయాడని మీకెందుకనిపించింది?

రెండేళ్ళ మినిట్స్‌లో ఎక్కడా పేరు లేదు మేడమ్, అందుకని, అని జవాబిచ్చాను. ఇంకో కారణం ఉంది. అది రాయలేదు.

మార్చి 29

ఆవిడ జవాబు. మన మాటల్లో రాసుకుంటున్నాను.

"ఆయన పేరెందుకుంటుంది? తాగలేదు, తగువు పడలేదు, ఎవర్నీ మోసం చెయ్యలేదు. ఆవుల పాలు పితికాడు, మొక్కజొన్న కోశాడు, ఐదుగురు పిల్లల తలలు దువ్వాడు. మా వాళ్ళు తేడా వస్తేనే రాసేవారు. హానా ఎక్కడెక్కడ తిరిగిందో మాకు తెలుసు. ఇంట్లో ఉన్న జోసయా గురించి ఏమీ తెలీదు. మా ఇంట్లో దాన్ని ఆయన గొప్పతనంగానే చెప్పుకుంటాం. దయచేసి ఆయన్ని బతికించండి."

బతికించాను. మరణం తీసేశాను, రెండో భర్తని తీసేశాను. రెండు నొక్కులు, అంతే.

ఆ ఇంకో కారణం ఇక్కడ రాస్తాను, ఎవరూ చూడరు. పెళ్ళాం రెండేళ్ళు ఊళ్ళు తిరుగుతుంటే మొగుడనేవాడు ఇంట్లో బతికుండి పిల్లల తలలు దువ్వుతాడని నా బుర్రకి తట్టనే లేదు. ఆయన బతికుండటం కంటే చచ్చిపోవడమే నాకు సబబుగా కనపడింది. ఛీ.

మార్చి 30

రేపే ఆఖరు. చెప్పేస్తాను. వెళ్ళమంటాను. నేనేమీ అంత సంకుచితమైన మనిషిని కాదు. "సుచీ, నేను బాగా ఆలోచించాను" అని మొదలుపెట్టాలి. ఏడుస్తుందేమో. ఏడిస్తే ఓదార్చాలి.

మార్చి 31, శనివారం

"సుచీ, నేను బాగా ఆలోచించాను" అన్నాను. "నువ్వు వెళ్ళు."

తను సరయు యూనిఫారం ఇస్త్రీ చేస్తోంది. పెట్టె నిలబెట్టి నావైపు తిరిగింది. "సోమవారమే సంతకం పెట్టిచ్చేశానండీ. వీసా కాగితాలు కూడా వెళ్ళిపోయాయి" అంది.

నన్నడక్కుండానా? ఈ ఇంట్లో నేనేమన్నా బొమ్మనా? అంటూ అరిచాను. కింద ఆంటీకి కూడా వినపడి ఉంటుంది.

"అడిగాను" అంది. "మూడు వారాలు అడిగాను. చూద్దాం అన్నారు, రైలుకి టైమైంది అన్నారు. చివరికి మీరు చెప్పిన పద్ధతిలోనే చదివి వినిపించాను. ఎంతసేపు ఊరుకున్నానో తెలుసా మీకు? ఏదో ఒకటి అనండి, వద్దనైనా అనండి అని లోపల దణ్ణం పెట్టుకుంటూ కూర్చున్నాను. వద్దంటే మానేసేదాన్ని. మీరు చారు పోసుకున్నారు."

"నాన్నా, యూ షేక్‌హ్యాండ్ ఆల్రెడీ వాట్" అంది సరయు గుమ్మంలోంచి.

"పోనీ ఇప్పుడనండి" అంది సుచిత్ర. "వద్దనండి. సోమవారం వెళ్ళి ఆ కాగితం వెనక్కి తీసుకుంటాను. కానీ పైకి అనాలి. సణుగుడు నాకొద్దు."

నోరు తెరిచాను. వద్దనే మాట రాలేదు. "నాకు భయంగా ఉంది సుచీ" అన్నాను. "నువ్వు లేకుండా ఈ ఇంట్లో ఎలా ఉండాలో నాకు తెలీదు. పిల్ల సంగతి కాదు. నా సంగతే."

ఆవిడ మంచం మీద కూలబడింది. "ఈ ముక్క నెల్రోజుల క్రితం చెప్పడానికేం?" అని కళ్ళు తుడుచుకుంది. "నాకూ భయంగానే ఉందండీ" అంది. మిగిలిన బట్టలు నేను ఇస్త్రీ చేశాను. ఒక కాలరు కాల్చాను.

ఏప్రిల్ 4

సణిగాను. "సణగడానికి లేదు" అన్నారు తల్లీకూతుళ్ళిద్దరూ ఒకేసారి.

ఏప్రిల్ 15, ఆదివారం

మిస్ చియా ఇంటికి వెళ్ళాను. వికాస్ చెప్పలేదు, నేనే వెళ్ళాను. ఈసారి పాస్టరు కోసం చూడలేదు. నిద్రపోయాను. ఎవరూ లేపలేదు.

నాలుగో నెల 28

ఎయిర్‌పోర్టులో దిగబెట్టి వచ్చాం. సరయు ఏడవలేదు. నేను బాత్‌రూములో నీళ్ళు వదిలేసి ఏడ్చాను. ఈ పనిలో పడి నెలల పేర్లు నాక్కూడా తప్పిపోయాయి.

ఐదో నెల 7

జడ వెయ్యడం కుమారమ్మ ఆంటీ నేర్పింది. "గట్టిగా లాగు రాజూ, దూది కాదు పిల్ల" అంటుంది ఆవిడ. "పెయిన్ లా నాన్నా!" అంటుంది ఇది. ఒక జడ పైకి, ఒక జడ కిందికి వచ్చాయి. అలాగే బడికెళ్ళింది. ఎవరు వేశారని టీచరడిగితే "మై ఫాదర్" అందట. తిట్టుకుంటూ అందో, మామూలుగా అందో చెప్పలేదు.

ఇల్లు బాగాలేదు. ఆవిడ లేకపోతే నాకు అస్సలు బాగాలేదు. జోసయాకి కూడా బాగుండి ఉండదు. ఆయన్ని అడిగినవాళ్ళు లేరు కాబట్టి ఎక్కడా రాయలేదు.

ఐదో నెల 15

సరయుకి జ్వరం. తగ్గింది.

ఐదో నెల 20

సుచిత్ర ఫోను చేసింది. అక్కడ ఒకటే వానట. రేవు పని మొదటి భాగం చక్కగా నడుస్తోందట. గొంతులో అలసట ఉంది, హుషారు కూడా ఉంది. ఆ గొంతు నేను పెళ్ళికి ముందు విన్నాను.

"ఏంటండీ విశేషాలు?" అంది.

చారు పొంగి పొయ్యి ఆరిపోయింది. యూనిఫారం ఆరలేదు. మొన్న ఆఫీసులో కునుకు తీస్తూ వికాస్‌కి దొరికిపోయాను.

"విశేషాలేం లేవు" అన్నాను.

"నిజంగా ఏం లేవా?"

"ఏం లేవు. నువ్వు పని చూసుకో."

తర్వాత ఇద్దరం ఏమీ అనలేదు. ఫోను ఎవరూ పెట్టెయ్యలేదు.

ఐదో నెల 21

రాయడానికేం లేదు.